ఆసన సహన ధ్రువపత్రం

ఆఫ్రికా సఫారీకి వెళ్ళొచ్చిన ఇరవై ముగ్గురు ప్రభుత్వోద్యోగులు అభిప్రాయ పత్రాలు నింపి ఇచ్చారు. సింహానికి పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. ఏనుగుకు ఎనిమిదిన్నర. విమాన ప్రయాణానికి రెండు. కాళ్ళు వాచాయని పద్నాలుగు మంది, నడుము పట్టేసిందని పదకొండు మంది, పక్కవాడు తన భుజం మీద నిద్రపోయి చొంగ కార్చాడని ఒకరు రాశారు.

రాష్ట్ర విదేశీ విహార సంస్థ కమిషనర్ సమావేశం పెట్టాడు. విమానాలు సంస్థవి కావు గనుక వాటిని బాగుచేయడం సంస్థ పరిధిలోకి రాదని తేలింది. ప్రయాణికులు ప్రభుత్వోద్యోగులు గనుక పరిధిలోకి వస్తారు. బాగుచేయవలసింది ప్రయాణికులనేనని తీర్మానించారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఆఫ్రికా సఫారీ రాయితీ కోరే ఉద్యోగి ఎవరైనా ముందుగా పంతొమ్మిది గంటలు ఒకే సీటులో కూర్చుని ఆసన సహన ధ్రువపత్రం పొందాలి. మూడు అవకాశాలు ఇస్తారు.

ఆ ఉత్తర్వు కాపీ జూన్ మొదటి వారంలో మందాకిని చేతికి వచ్చింది. ఆమె ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జువాలజీ లెక్చరర్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పిల్లలకు జంతువుల వలసల గురించి చెబుతోంది. ఎద్దుకూ గుర్రానికీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టుండే విల్డెబీస్ట్ అనే జంతువులు ఏటా లక్షల్లో కదిలి, పచ్చిక కోసం మారా నది దాటుతాయి. ఒడ్డుదాకా వచ్చి ఆగిపోతాయి. నీళ్ళలో మొసళ్ళుంటాయి. ఏదో ఒకటి ముందు దూకాలి. ఏది దూకుతుందో, దానికి ఆ క్షణంలో ఏం తోస్తుందో ఎవరికీ తెలియదు. ఓ ఏడాది చివరి బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి, “మీరు చూశారా మేడం?” అని అడిగింది. చూడలేదని మందాకిని చెప్పింది. అప్పట్నుంచి ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఆమె బోర్డు వైపు తిరిగి చెప్పేది.

రాయితీ సర్వీసులో ఒక్కసారే ఇస్తారు. నది దాటేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. మందాకిని వచ్చే మార్చిలో రిటైరవుతుంది. ఈ ఆగస్టు ఇరవైన బయల్దేరే బృందంలో లేకపోతే ఇక లేనట్టే.

“కూర్చోడమే కదా, అదేం పరీక్ష?” అన్నాడు ఆమె భర్త విశ్వం. ఆయన రిటైరైనప్పట్నుంచీ చేస్తున్నది అదే.

శిక్షణ కేంద్రాన్ని జిల్లా కేంద్రంలోని ఒక బస్సు డిపోలో, టైర్లు మార్చే షెడ్డు పక్కన పెట్టారు. పాత సూపర్ లగ్జరీ బస్సు ఒకటి తెచ్చి, సీట్ల మధ్య దూరం తగ్గించి, కిటికీలకు నీలం కాగితం అంటించారు. కాగితం మీద డిపో పెయింటర్ తెల్లరంగుతో మేఘాలు వేశాడు. ఒక మేఘం కింద తన పేరూ ఫోన్ నంబరూ వేసుకున్నాడు.

కేంద్రానికి అధిపతి పరంధామయ్య. ఆయన హోదా ఉప సంచాలకులు, సహనం. ఆయన విమానం ఒక్కసారే ఎక్కాడు, రాజమండ్రి నుంచి హైదరాబాదుకు. సంస్థలో మిగతావారికి ఆ అనుభవం కూడా లేదు గనుక పాఠ్యప్రణాళిక ఆయనే రాశాడు. ఆ ప్రయాణానికి యాభై అయిదు నిమిషాలు పట్టింది. అందుచేత శిక్షణలో యాభై అయిదు నిమిషాలకోసారి కిందికి దిగుతున్నామని ప్రకటన వస్తుంది, అందరూ బెల్టులు బిగిస్తారు, తలా ఒక చాక్లెట్ ఇస్తారు. పంతొమ్మిది గంటల్లో ఆ బస్సు ఇరవై సార్లు దిగేది.

“ఇందుమూలముగా అభ్యర్థులకు తెలియజేయడమేమనగా,” అన్నాడు పరంధామయ్య మొదటి విడత రోజున, మెట్ల మీద నిలబడి, “సదరు వాహనమును ఇక విమానముగా పరిగణించవలెను. బస్సు అన్న పదము వాడినచో అర మార్కు కోత.”

“బస్సెక్కండి, బస్సెక్కండి, టైమైపోతంది,” అంది కండక్టర్ నూకరత్నం వెనకనుంచి.

ఆమెను డెప్యుటేషన్ మీద ఎయిర్ హోస్టెస్‌గా వేశారు. ఖాకీ చొక్కా మీద ఎర్ర స్కార్ఫ్ ఇచ్చారు. టికెట్ మిషన్ మాత్రం భుజాన్నుంచి తీయనంది. ఇరవై రెండేళ్ళుగా అది లేకుండా బస్సులో నడవలేదు, పక్కకి ఒరిగిపోతానంది.

మందాకినిది పద్నాలుగో సీటు. పక్క సీటులో, కిటికీ వైపు, ఖజానా శాఖ సూపరింటెండెంట్ జిలానీ కూర్చున్నాడు. ఆయన ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు ఒకే కుర్చీలో పనిచేశాడు. కూర్చోవడంలో ఆయనకు తొందర లేదు.

“మీరెందుకండీ ఆఫ్రికా?” అని మందాకిని అడిగింది.

“మా తమ్ముడు వెళ్ళొచ్చాడు మేడం. ఏనుగు ముందర నిలబడి ఫోటో దిగాడు. మూడేళ్ళుగా ప్రతి పండక్కీ ఆ ఫోటో చూపిస్తున్నాడు. ఇక నా వల్ల కాదు.”

నిబంధనలు ముప్ఫై నాలుగు ఉన్నాయి. మరుగుదొడ్డికి వెళ్ళవచ్చు, కానీ విమానంలో మాదిరి క్యూలో నిలబడాలి. డిపో మరుగుదొడ్డి దగ్గర క్యూ ఉండదు గనుక నలుగురు మెకానిక్కులను షిఫ్టుల వారీగా అక్కడ నిలబెట్టారు. ఆ నెలలో డిపోలో మరమ్మతులు ఆలస్యమయ్యాయి. ఏడో నిబంధన ప్రకారం ప్రతి విడతలో కనీసం ఒక శిశువు ఏడవాలి. శిశువు కోసం మూడు శాఖలకు లేఖలు వెళ్ళాయి. జవాబు రాలేదు. చివరికి నూకరత్నం తన మనవరాలిని తెచ్చింది. తొమ్మిది నెలల పిల్ల.

విడత అర్ధరాత్రి మొదలైంది, మర్నాడు సాయంత్రం ఏడుకు ముగియాలి. తెల్లారాక నూకరత్నం టిఫిన్ పొట్లాలు పంచడానికి లేస్తూ పిల్లను మందాకిని ఒళ్ళో పెట్టింది. పిల్ల ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిద్రపోయింది. తొమ్మిదింటికి పరంధామయ్య ఫైలు పట్టుకుని వచ్చాడు. పదకొండింటికి మళ్ళీ వచ్చాడు.

“శిశువు ఇంతవరకు ఏడవలేదు,” అన్నాడు.

“నిద్రపోతోందండీ,” అంది మందాకిని.

“లేపండి.”

“నిద్రపోయే పిల్లని లేపుతారేటండీ ఎవరైనా?” అంది నూకరత్నం. “మీ ఇంట్లో పిల్లల్లేరా?”

“ఇది ఇల్లు కాదమ్మా, విమానం. రోదనం నమోదు చేయవలసిన గడి ఖాళీగా ఉంది.”

“అయితే మీరే ఏడవండి. గడిలో ఏసుకోండి.”

పిల్ల మధ్యాహ్నం రెండింటికి లేచి, మందాకినిని చూసి నవ్వి, మళ్ళీ పడుకుంది. సాయంత్రం ఏడుకు ఫలితం చదివారు. శిశు రోదనం నమోదు కానందున విడత రద్దు. పద్నాలుగో సీటు అభ్యర్థి శిశువు నిద్రకు సహకరించినందున, ఆమె విషయంలో మాత్రం ఒక అవకాశం వినియోగమైనట్టు.

“మీ ఒళ్ళో సుఖం ఉంది మేడం,” అన్నాడు జిలానీ. “అదే మీ తప్పు.”

రెండో విడతకు ముందు డిపో మేనేజర్‌కు చిక్కొచ్చి పడింది. డిపోలో ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రోజూ పైకి పంపాలి. శిక్షణ బస్సుకు సిబ్బంది ఉన్నారు, ప్రయాణికులు ఉన్నారు, పంతొమ్మిది గంటలు డ్యూటీలో ఉంది, కిలోమీటర్లు సున్నా. పై ఆఫీసు దాన్ని దారిలో చెడిపోయిన బస్సుగా లెక్కేసి, బాగుచేయడానికి ఏం చర్య తీసుకున్నారని మెమో పంపింది. మేనేజర్ ఆ మెమో పరంధామయ్యకు చూపించాడు.

“నడపండి,” అన్నాడు పరంధామయ్య. “విమానము సైతము కదులును గదా.”

జూలైలో బస్సు కదిలింది. డిపో నుంచి కాలవగట్టు మీదుగా పెదలంక దాకా, అక్కణ్ణుంచి వెనక్కి, పంతొమ్మిది గంటలూ అదే దారిలో తిరగాలి. ఎక్కడా ఆగకూడదు. నూకరత్నానికి ఈ సంగతి మూడుసార్లు చెప్పారు. ఆమె మూడుసార్లూ తలూపింది.

తెల్లవారాక రోడ్డు పక్కన ఒకాయన చెయ్యెత్తాడు. నూకరత్నం విజిల్ ఊదింది. డ్రైవర్ ఆపాడు. ఇద్దరికీ అందులో ఆలోచించవలసిందేమీ కనబడలేదు.

“ఆకాశంలో మనుషులను ఎక్కించుకుంటున్నారా!” అని పరంధామయ్య ముందు సీట్లోంచి అరిచాడు.

“చెయ్యెత్తినోళ్ళని ఒగ్గేసి ఎల్లిపోతే నాకు ఆ పూట అన్నం సయించదండి,” అంది నూకరత్నం. “తర్వాత బస్సు పదకొండుకి.”

ఎనిమిదింటికల్లా బస్సు నిండింది. ఎరువుల బస్తాతో ఒకరు, కోడిపెట్టతో ఒకరు, కాలేజీ పిల్లలు ఆరుగురు. విమానంలో నిలబడే ప్రయాణికులు ఉండరని పరంధామయ్య నచ్చజెప్పాడు. అయితే కూర్చోడానికి సీటివ్వమని వాళ్ళు అడిగారు. మేఘాల బొమ్మలు చూసి ఒకాయన ఇది పెళ్ళిబస్సా అన్నాడు. పరంధామయ్య కాసేపు ఆలోచించి, రిజిస్టరులో ‘మార్గమధ్యమున వాతావరణ ఒడుదొడుకులు’ అని రాసుకున్నాడు.

పదకొండు గంటల పది నిమిషాలకు పోలమ్మ అనే ముసలావిడ ఎక్కింది. డెబ్భై అయిదేళ్ళుంటాయి. నెత్తిన ఎండుచేపల తట్ట ఉంది. తట్ట దించి, పద్నాలుగో సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు మలుపు తిరిగినప్పుడు పడబోయి ఆపుకుంది.

మందాకిని లేచింది. లేచాకే ఏం చేసిందో ఆమెకు తెలిసింది. జిలానీ కళ్ళు మూసుకున్నాడు.

“కూర్చో మామ్మా,” అంది.

“నువ్వు కూకోమ్మా, దిగిపోతాను పెదలంకలో.”

“నా పనైపోయింది. కూర్చో.”

పోలమ్మ కూర్చుంది. పెదలంకలో దిగలేదు. బెల్టు పెట్టారు, చాక్లెట్ ఇచ్చారు, తర్వాత టీ ఇచ్చారు. ఇన్నేళ్ళలో తనను ఇంత మర్యాదగా చూసిన బస్సు లేదని, సాయంత్రం దాకా ఉంటానంది. ఏడింటికి పరంధామయ్య ఫలితాలు చదివాడు. ధ్రువపత్రాలు సీటు నంబరు మీద రాస్తారు. పద్నాలుగో సీటు పంతొమ్మిది గంటలూ ఖాళీ కాలేదు గనుక ఉత్తీర్ణం. పద్నాలుగో సీటు అభ్యర్థి ‘ఆసన పరిత్యాగం’ చేసినందున అనుత్తీర్ణం. పత్రం తయారైపోయింది, రద్దు చేయాలంటే కమిటీ వేయాలి. పోలమ్మకిచ్చి పంపేశారు. జిలానీని ఈసారి ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకున్నందుకు తప్పించారు. అది చేతి కదలికల పరిమితి కిందికి వస్తుంది.

ఇంటికొచ్చాక మందాకిని విశ్వానికి జరిగింది చెప్పింది.

“నిలబడితే ఫెయిలని తెలుసుగా?” అన్నాడాయన.

“తెలుసు.”

“మరి?”

“ఆవిడ పడబోయింది.”

వంటింట్లో పాలు పొంగుతున్నాయని ఆయనే లేచి వెళ్ళాడు. మందాకిని గోడ మీది క్యాలెండర్ చూసింది. ఇంకొక్క అవకాశం ఉంది.

ఆమె ఇంట్లో సాధన మొదలుపెట్టింది. కాలేజీకి సెలవైన రోజుల్లో తెల్లవారుజామున కుర్చీలో కూర్చుని చీకటి పడ్డాక లేచేది. పాలవాడు పిలిచినా, కుక్కర్ కూతలు లెక్క దాటినా కదిలేది కాదు. జూలై ఆఖరుకు పంతొమ్మిది గంటలు కూర్చోవడం ఆమెకు వచ్చేసింది.

మూడో విడత ఆగస్టు అయిదున జరిగింది. ముందురోజు వాన పడి కిటికీల కాగితం నాని ఊడిపోయింది. డిపో పెయింటర్ ఊళ్ళో లేడు. మేఘాల్లేకుండానే బస్సు బయల్దేరింది. ఈసారి పరంధామయ్య నూకరత్నం విజిల్ తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. ఎవరినీ ఎక్కించుకోలేదు. రోడ్డు మీద చేతులెత్తినవాళ్ళు తిట్టారు. నూకరత్నం కళ్ళు మూసుకుని కూర్చుంది. శిశువుకు బదులు డ్రైవర్ ఫోన్లో ఏడుపు పెట్టారు. మందాకిని ఆరు గంటలు దాటింది, పన్నెండు దాటింది, పద్దెనిమిది దాటింది. ఇరవయ్యోసారి చాక్లెట్ వచ్చింది. సాయంత్రం ఆరూ ఇరవై అయింది.

“నలభై నిమిషాలు మేడం,” అన్నాడు జిలానీ, పెదవులు కదలకుండా. “ఊపిరి కూడా చూసి పీల్చండి.”

కాలవగట్టు మీద బస్సు ఆగింది. ఎదురుగా ట్రాక్టరు దిగబడింది. జిలానీ కిటికీ బయట, కాలవకు అవతలి ఒడ్డున గేదెలు నిలబడి ఉన్నాయి. ఇళ్ళకు మళ్ళే వేళ. వాన నీటికి కాలవ నిండి ఎర్రగా పోతోంది. గేదెలు నీళ్ళదాకా వచ్చి ఆగాయి. వాసన చూశాయి. వెనక్కి తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. కాపరి ఒడ్డు మీద కర్రతో నేలను కొడుతున్నాడు. అవి అతని మాట వినడం లేదు.

మందాకిని సీటు కమ్మీ పట్టుకుంది.

ఒకటి దిగింది. కొమ్ము విరిగిన గేదె. దాని వెనక రెండు, తర్వాత అన్నీ దిగాయి. నడుమ ప్రవాహానికి ఒక దూడ మంద నుంచి విడివడి కిందికి కొట్టుకుపోయింది. జిలానీ తల అడ్డం వచ్చింది.

“దూడ! దూడ పోతోంది! అటు, అటు చూడవయ్యా!” అని మందాకిని అరిచింది. ఆమె జిలానీ మీదుగా కిటికీలోంచి సగం బయటికి వంగి ఉంది. కాపరి తిరిగి చూసి నీళ్ళలో దూకాడు. దూడ చెవి దొరికింది.

“నలభై ఒకటి,” అంది మందాకిని, మంద మొత్తం గట్టెక్కాక. “దూడతో కలిపి.”

పరంధామయ్య పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో గడియారం ఉంది.

“ముప్ఫై ఒక్క నిమిషాలు మేడం,” అన్నాడు. ఆ మాట ఉత్తర్వుల భాషలో రాలేదు. “ముప్ఫై ఒక్క నిమిషాలు ఓర్చుకోలేకపోయారా?”

జిలానీ ఒక్కడే ఆ విడతలో ఉత్తీర్ణుడయ్యాడు. తన మీదుగా మనిషి వంగి అరిచినా మెడ తిప్పనందుకు విశిష్ట శ్రేణి ఇచ్చారు.

మందాకిని పర్యటన నుంచి పేరు వెనక్కి తీసుకుంటూ లేఖ రాసి కవర్లో పెట్టింది. పోస్టు చేసేలోపు సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ముప్ఫై రెండో నిబంధన ప్రకారం మూడుసార్లు తప్పినవారిని కమిటీ ముందుకు పంపాలి. కమిటీలో కమిషనర్, ఒక డాక్టరు, పరంధామయ్య ఉన్నారు. డాక్టరు ఆమె మోకాళ్ళు తట్టి చూసి, ఏ లోపమూ లేదన్నాడు.

“లోపము లేనిచో మూడు పర్యాయములు ఎట్లు తప్పినారు?” అని కమిషనర్ అడిగాడు.

“లేవాల్సి వచ్చిందండీ,” అంది మందాకిని.

“అనగా అది మీ చేతిలో లేదు.”

ఆమె ఆలోచించింది. “లేదండీ.”

కమిషనర్ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు కాగితం మీద ‘శాశ్వత ఆసన అసమర్థత’ అని రాసి సంతకం చేశాడు. అప్పుడు సమస్య వచ్చింది. అసమర్థత కారణంగా ఏ ఉద్యోగికీ రాయితీ నిరాకరించరాదని వేరే ఉత్తర్వు ఉంది. పంపక తప్పదు. కూర్చోలేని వ్యక్తిని పంతొమ్మిది గంటలు కూర్చోబెట్టడం అమానుషమని డాక్టరు చెప్పాడు. నిలబెట్టి తీసుకెళ్ళడానికి విమాన సంస్థలు ఒప్పుకోవు. ఇక మిగిలింది పడుకోబెట్టడం. పడుకునే సీట్లు బిజినెస్ క్లాసులో ఉంటాయి.

“సదరు అభ్యర్థినిని శయన స్థితియందు ఆఫ్రికాకు చేరవేయవలెను,” అని కమిషనర్ చెప్పాడు. పరంధామయ్య రాసుకున్నాడు.

“కూర్చోడం రాదని గవర్నమెంటే తేల్చాక ఇంకేం చెప్పను,” అన్నాడు విశ్వం, పెట్టె తాళం వేస్తూ.

ఈ వార్త వారంలో అన్ని శాఖలకూ పాకింది. తర్వాతి విడతలో అరవై మంది కూర్చుని, పది నిమిషాల్లో అరవై మందీ లేచారు. సంస్థ దీన్ని తీవ్రంగా పరిగణించి, నిజంగా కూర్చోలేనివారిని గుర్తించేందుకు రెండో బస్సు తెప్పించింది.

ఇరవయ్యో తేదీన మందాకిని పడుకుని ఆఫ్రికా వెళ్ళింది. జిలానీ ముప్ఫై ఎనిమిదో వరుసలో, ఇద్దరు భారీకాయుల మధ్య, కూర్చుని వెళ్ళాడు. దిగాక ఆయన పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ధ్రువపత్రం వెనక అచ్చువేసిన షరతు ఒకటి ఆయన ఆమెకు చూపించాడు. పత్రం పొందినవారు పర్యటన ముగిసేవరకు, వాహనము కదులుచున్ననూ నిలిచియున్ననూ, ఆసనము విడువరాదు. విడిచినచో పత్రం రద్దు, రాయితీ రద్దు.

“వాహనం దిగాక పరవాలేదు మేడం. ఎక్కితేనే.”

అడవిలో వాహనం దిగనివ్వరు. జీపు పైకప్పు ఎత్తి ఉంటుంది, అందరూ సీట్ల మధ్య నిలబడి చూస్తారు. జిలానీ బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రోజు ఏనుగులొచ్చాయి. ఆయనకు జీపు తలుపు కనబడింది. తోక మాత్రం చూశానన్నాడు. రెండో రోజు సింహం కోసం ఎదురుచూసి పక్కవాళ్ళ మోకాళ్ళు చూశాడు. మందాకిని పైనుంచి చూసింది చూసినట్టు ఆయనకు చెబుతూ వచ్చింది. క్లాసులో చెప్పినట్టే చెప్పేది. ఎత్తు, రంగు, ఏ వైపు తిరిగి ఉంది, ఏం తింటోంది.

మూడో రోజు నది ఒడ్డుకు వెళ్ళారు. ఉదయం ఏడు నుంచి విల్డెబీస్ట్‌లు ఒడ్డున చేరుతూ ఉన్నాయి. నీళ్ళదాకా వచ్చాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. తొమ్మిదింటికి మళ్ళీ వచ్చాయి. డ్రైవర్ ఇవాళ దాటవేమోనని ఇంజన్ తాళం మీద చెయ్యి వేశాడు. పదకొండయింది. నీళ్ళ మీద రెండు మొసళ్ళు తేలి ఉన్నాయి.

“ఏం చేస్తున్నాయి మేడం?” అన్నాడు జిలానీ కిందినుంచి.

“నిలబడ్డాయండీ. ముందున్నది తల వంచింది. వెనకవాటి ఒత్తిడికి కాళ్ళు జారుతున్నాయి, ఆపుకుంటోంది.”

“దూకుతుందంటారా?”

“తెలీదండీ.”

అది దూకింది.

దాని వెనక ఒడ్డు విరిగి పడ్డట్టు మంద మొత్తం నీళ్ళలోకి వచ్చింది. దుమ్ము లేచింది. కూతలకు జీపు అద్దాలు అదిరాయి. మందాకిని పది, ఇరవై, అరవై అని పైకి లెక్కపెట్టింది. మూడొందల దగ్గర లెక్క ఆగిపోయింది. ఆమె పైకప్పు అంచు రెండు చేతులా పట్టుకుంది.

“మేడం? ఎన్నయ్యాయి?”

ఆమెకు వినబడింది. ఇంకా ముందుకు వంగింది.

“మేడం, మొసలి వచ్చిందా? దాటాయా? ఏదో ఒకటి చెప్పండి మేడం.”

జిలానీ మరో రెండుసార్లు పిలిచాడు. కాసేపటికి మందాకిని కాళ్ళ దగ్గర బెల్టు ఊడిన చప్పుడైంది. ఆమె చూపు తిప్పకుండా పక్కకు జరిగి, ఒక మనిషికి చోటిచ్చింది.